లేని బ్రేకు

నా నడుములో ఒక మిషను ఉంది. అగ్గిపెట్టెకు పెద్దన్నంత ఉంటుంది. పిరుదుకు కాస్త పైన చర్మం కింద పెట్టి కుట్టేశారు. దాని నుంచి సన్నటి తీగలు వెన్నుపాము పక్కకు వెళ్తాయి. అది వదిలే కరెంటు, నొప్పి కబురు మెదడుకు చేరకుండా దారిలోనే గోల చేసి చెడగొడుతుందట. డాక్టరు ఇంకా గొప్పగా చెప్పాడు గానీ నా బుర్రకెక్కింది ఇంతే. నొప్పి ఉండాల్సిన చోట చీమలు పాకినట్టు చిమచిమలాడుతూ ఉంటుంది. వెన్ను ఆపరేషను వికటించి, ఏళ్ల తరబడి ఎడమకాలిలో కాగే నూనె మోసుకు తిరిగినవాణ్ణి. చీమలు నాకు చుట్టాల్లాగే కనిపించాయి.

ఆ సంతోషం డాక్టరు గది దాటేలోపే ఆవిరైంది. కరెంటు నడుస్తుండగా కారు నడపకూడదు అన్నాడు. ఒళ్లు ఒక్కసారిగా కదిలినా, వీపు గట్టిగా వెనక్కి నొక్కుకున్నా తీగలు నరానికి దగ్గరై షాకు కొట్టినట్టవుతుందట. కాలు ఎగిరి ఏ పెడలు మీద పడుతుందో చెప్పలేమట. మీరేం పని చేస్తారని అప్పుడడిగాడు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారినని చెప్పాను. పాపం, ఆయన కాసేపు గోడకున్న వెన్నెముక బొమ్మను చూస్తూ ఉండిపోయాడు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బుద్ధున్నవాడైతే స్కూల్లో కూర్చుని రోడ్డు గుర్తులు చెప్పే క్లాసు తీసుకుని, వీధిలో నేర్పే పని మానేసేవాడు. మా యజమాని ఆ క్లాసు నాకే ఇస్తానన్నాడు కూడా. కానీ స్కూలు ఊరవతల ఉంది, అటు బస్సు లేదు. పోనీ ఎవరైనా దింపుతారా అంటే, మాస్టారు ఇంకొకరు నడిపే కారులోంచి దిగడమేమిటని నా మీసానికి రోషం. అందుకని కారెక్కే ముందు రిమోటుతో మిషను ఆపేసేవాణ్ణి. దిగాక వేసుకునేవాణ్ణి. ఇంత ఖరీదైన వైద్యం చేయించుకుని, పనిగంటలు మినహా వాడుకున్న మేధావిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సాయంత్రం ఇంటి ముందు కారాపి, రిమోటు నొక్కి, మొహంలోకి నెత్తురు వచ్చేదాకా లోపలే కూర్చునేవాణ్ణి. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి గమనిస్తోందని నాకు తెలియదు. మొదట్లో నేనెవరితోనో ఫోనులో రహస్యాలు మాట్లాడుతున్నానని అనుకుందట. అంత మొహం ఈయనకెక్కడుందని తనే ఆ అనుమానం కొట్టేసిందట. తర్వాత ఒకరోజు చప్పుడు లేకుండా వచ్చి కారు తలుపు తీసింది. నేను స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాను. మొహమంతా చెమట. ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నాకు భయం.

మర్నాడు, తాను కారు నేర్చుకుంటానని ప్రకటించింది. రోజూ తనే దింపి, తనే తీసుకొస్తుందట. నేను నవ్వాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి నేర్పబోయి, మూడు మలుపులు తిరిగేలోపే, నీకు జన్మలో రాదని తేల్చి చెప్పాను. ఎవరెవరికో తేనె పూసినట్టు నేర్పినవాణ్ణి, ఇంటావిడ క్లచ్చు వదిలితే మాత్రం తోక తొక్కిన తాచునైపోయాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అందుకే పందెం లాంటి ఒప్పందం చేసుకున్నాను. ఆవిడ టెస్టు పాసైతే తాళాలు ఇచ్చేసి నేను క్లాసుకు పరిమితమవుతాను. ఫెయిలైతే నా కారు, నా నొప్పి, మళ్లీ ఆ మాటెత్తకూడదు. ఫెయిలవుతుందని అంత నమ్మకం నాకు.

నేర్పేది మా ఇంటి కారులో. స్టీరింగు ఆవిడ చేతిలో ఉంటుంది కనుక మిషను ఆపేవాణ్ణి కాదు. స్కూలు కారులో మాస్టారికీ ఒక బ్రేకు ఉంటుంది. ఇందులో ఉండదు. ఆ సంగతి నా తలకు తెలుసు, కుడికాలికి తెలియదు. ఆవిడ కాస్త వేగం పెంచగానే నా కాలు కింద పరిచిన పట్టాను దబీమని తొక్కేది. తొక్కినప్పుడు వీపు సీటుకు నొక్కుకునేది. డాక్టరు చెప్పిన షాకు తుంటి నుంచి బొటనవేలి దాకా జిల్లుమని దూసుకుపోయేది. నేను కెవ్వుమనేవాణ్ణి. ఆ కేకకు ఆవిడ అదిరిపడి కారు ఆపేసేది. వెనక బళ్లవాళ్లు హారన్లు మోగించి మా ఇద్దర్నీ దీవించేవారు.

కొన్నాళ్లకు ఆవిడ అలవాటుపడింది. నేను అరిస్తే, కొట్టిందా అని అడిగి తన దారిన తాను గేరు మార్చుకునేది. నేనే నోరు తగ్గించాల్సి వచ్చింది. ఆవిడ తప్పు చేసినప్పుడల్లా శిక్ష నాకు పడుతుంటే ఏ మాస్టారైనా ఎంతకని మిడిసిపడతాడు? పైగా అసలు బాధ వేరే ఉంది. ఆవిడ బాగా నడుపుతోంది. మలుపు ముందే అద్దం చూస్తుంది, పిల్లలు ఆడుకునే చోట అడగకుండానే నెమ్మదిస్తుంది. దారిలో ఇంకెవరైనా ఇలా నడిపితే భుజం తట్టేవాణ్ణి. ఆవిడతో మాత్రం, ఫరవాలేదన్నాను. ఆ మాట అనడానికి కూడా రెండు వీధులు పట్టింది.

టెస్టుకు స్కూలు కారు తీసుకున్నాం. ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో కూర్చుంటాడు. కావాలంటే మాస్టారు వెనక కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు, మెదిపితే టెస్టు రద్దు. మా ఆవిడ నన్ను రావద్దంది. నేను విన్నానా? ఎక్కే ముందు మాత్రం నాకు తట్టింది. లోపల నా కాలు ఊరుకోదు, షాకు కొడుతుంది, నేను అరుస్తాను, ఆవిడ టెస్టు పోతుంది. పందెం నేను గెలుస్తాను. అలా గెలవడం ఎందుకో నాకిష్టం లేకపోయింది. జేబులో చెయ్యి పెట్టి రిమోటు నొక్కాను.

చీమలు వెళ్లిపోయాయి. మొదటి వీధి చివరికల్లా నూనె కాగడం మొదలైంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఒక్కో గుంతకూ కాలిని ఎవరో మెలితిప్పుతున్నట్టుంది. నేను పళ్లు బిగబట్టి, మొహాన చిరునవ్వు అతికించుకున్నాను. ఆవిడ చక్కగా నడుపుతోంది. ఎత్తు మీద ఆపి, కారు వెనక్కి జారకుండా మళ్లీ కదిలించింది. ఇన్‌స్పెక్టరు తలూపాడు. నాకు గర్వం, నొప్పి ఒకేసారి వచ్చి ఊపిరాడలేదు.

మార్కెట్టు దాటాక ఆవిడ ఇండికేటరు వేసి, కారు పక్కకు తీసి ఆపేసింది. అక్కడ ఆపమని ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు ఏమైందన్నాడు. ఆవిడ లోపలి అద్దంలోంచి నన్నే చూస్తోంది.

"మిషను ఆపేశారు కదూ?"

నేను మాట్లాడకూడదు కాబట్టి లేదని తలూపాను. చెమట గడ్డం మీంచి చొక్కా మీద పడింది.

"దిగండి," అంది.

నా నోరు ఆగలేదు. "పిచ్చా నీకు? మధ్యలో ఆపితే ఫెయిల్ చేస్తారు."

"చేస్తే మళ్లీ వస్తాను. ఎన్నిసార్లయినా వస్తాను. పాసైనా ఫెయిలైనా ఇకమీదట మీరు మాత్రం స్టీరింగు ముట్టుకోరు. ఆ మొహాన్ని అద్దంలో పెట్టుకుని నేను కారు నడపలేను. ఇన్నాళ్లూ ఇలాగే నడిపారా మీరు? రోజూ ఇలాగేనా?"

ఇన్‌స్పెక్టరు అద్దంలో నన్ను, పక్కన ఆవిడను మార్చి మార్చి చూసి, తాను ఏమీ వినలేదనీ, తలనొప్పిగా ఉండి తనే కారు ఆపమన్నాననీ అన్నాడు. మాస్టారు దిగితే బాగుంటుందని కూడా అన్నాడు.

దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, నడుమును విడతలవారీగా బయటికి తెచ్చుకున్నాను. ఆవిడ దిగి వచ్చి పట్టుకోలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకుంటే ఏడుస్తుందని నాకు తెలుసు, ఏడిస్తే నడపలేనని ఆవిడకు తెలుసు.

ఆ రోజు పాసైందన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నేను ఒక చెప్పుల కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడి, రిమోటు నొక్కుకుంటున్నాను. చీమలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. ఆవిడ ఇండికేటరు వేసింది. అద్దం చూసింది, భుజం మీదుగా వెనక్కి చూసింది, ఒక వ్యానును పోనిచ్చి, కుదుపు లేకుండా రోడ్డెక్కింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. బండి కదిలాక రోడ్డు తప్ప ఇంకేమీ చూడకూడదని నేర్పిందే నేను. ఆవిడ చూడలేదని నడివీధిలో, చెప్పుల కొట్టువాడు స్టూలు తెచ్చి వేసేదాకా, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.