తొడిమ ఊడిన గుమ్మడికాయలు

ఆస్ట్రేలియాలో మా టూవూంబా ఊళ్లో మంచు గడ్డకట్టేలోపు కోసి దాచిన గుమ్మడికాయలు చలికాలమంతా నిలుస్తాయి, తొడిమ ఉంటే. యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మేధావిని కనుక, పెరట్లో కాసిన ఆరింటినీ తొడిమ పట్టుకుని మోసి, ఆరింటికీ ఊడగొట్టాను.

పక్కింటి తన్మయి కంచె మీదుగా చూసింది.

"సూపర్ అంకుల్! ఇక స్టోరేజ్ టెన్షన్ లేదు, అన్నీ కుళ్లిపోతాయి."

"ఒంటరివాణ్ణి, ఇన్నెలా తిననమ్మా? ఒకటి తీసుకో."

"మగవాళ్లు కొయ్యందే మా అత్తయ్య గుమ్మడికాయ వండనివ్వదు. మా ఆయనేమో హాస్పిటల్ డ్యూటీలో ఉన్నాడు. మీరే వచ్చి కోసి, డిన్నర్ మాతోనే చేసెయ్యండి."

నా భార్య పోయాక పక్కన మనుషులుండగా అన్నం తినడం అదే మొదలు. పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను.

వచ్చే ఏడూ తొడిమ పట్టుకునే మోస్తాను. చదువుకున్నవాణ్ణి, అంత త్వరగా నేర్చుకోను.