దుప్పటి కొసలు

ఆసుపత్రి గేటు బయట కాంట్రాక్టరు మనిషి పనిలోంచి తీసేసిన ఆయాల నీలం కోట్లు విప్పించి గోనెసంచిలో కుక్కుతున్నాడు. అదే పూట గేటు లోపల పెద్ద డాక్టరు జీతం లేకుండా చేసే సేవాదళం వాళ్ళకు పసుపు కోట్లు తొడిగి ఫోటోలు దిగుతున్నాడు. పసుపు కోటు దక్కిన వాళ్ళలో మిషనక్క ఒకతె. ఆ గౌరవానికి పొంగిపోయి బయట ఏం జరుగుతోందో తల తిప్పి చూడలేదు. చూసి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పనే ఉండేది కాదు.

బట్టలు కుడుతుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె మిషనక్క. భర్త ఈ ఆసుపత్రి వార్డులోనే, పక్క తిప్పే చేతులు చాలక, వీపంతా పుళ్ళు పడి చనిపోయాడు. ఇంకొకరికి ఆ గతి పట్టకూడదని పొద్దున్నంతా కుట్టుకుని, మధ్యాహ్నం వచ్చి ఊరికే చాకిరీ చేసేది. పక్క తిప్పడం నేర్పింది ఆయాలందరిలోకీ పెద్దదైన పెద్దాయా. రోగి కింద దుప్పటి పరిచి, అటూ ఇటూ కొసలు పట్టి, అందరూ ఒక్కసారే లాగాలి. ఒక్కరివల్ల అయ్యే పని కాదది.

ఆయాలు పోయిన కొత్తలో వార్డు పసుపు కోట్లతో కళకళలాడింది. తర్వాత కాలేజీ పిల్లలకు పరీక్షలొచ్చాయి. రిటైరైన బ్యాంకాయనకు నడుం పట్టేసింది. పేపర్లో ఫోటో పడ్డాక ఇద్దరు మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు. ఎవర్నని ఏం లాభం? ఎవరి బతుకు వాళ్ళది. చివరికి మిషనక్క ఒక్కతే మిగిలింది.

మూల మంచం మీద తుంటి విరిగిన లారీ తాత ఉన్నాడు.

"అమ్మాయ్, ఇటు పక్క టైరు అరిగిపోయిందే. కాస్త స్టీరింగు తిప్పు."

ఆమె ఒక కొస పట్టి లాగింది. దుప్పటి వచ్చింది గానీ తాత కదల్లేదు. అటు వెళ్ళి తోసింది. ఆయన పళ్ళు బిగబట్టాడు. నడుం కింద చర్మం ఎర్రగా కంది ఉంది. భర్తకూ ఇలాగే మొదలైంది.

పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది.

"ఆయాల్ని పిలిపించండి సార్. నావల్ల కావడం లేదు."

"మీరుండగా ఆయాలెందుకమ్మా? మీ సేవ చూశాకే కదా వాళ్ళు అక్కర్లేదని పైకి రాశాం."

ఆమెకు తల కొట్టేసినట్లయింది. తన చేతులతో తనే వాళ్ళ కూడు లాక్కుందన్నమాట.

గేటు బయట, పని తిరిగివ్వాలంటూ టెంటు కింద ఆయాలు కూర్చుని ఉన్నారు. పసుపు కోటు కనపడగానే వాళ్ళలో చిన్నదైన చిన్నాయాకు ఒళ్ళు మండింది.

"మా కడుపు కొట్టింది చాలక చూసిపోదామని వచ్చావా?"

"నాకు తెలీదే."

"నీకు మొగుడి మీద బెంగ. మాకు ఇంట్లో ఆకలి. నీ బెంగను చూపించి మమ్మల్ని వీధిలో పడేశారు."

"దాన్ని తిడితే పని తిరిగొస్తుందా?" అంది పెద్దాయా. "ఎందుకొచ్చావో చెప్పు."

"తాతకి వీపు కందింది. తిప్పడానికి చేతులు చాలట్లేదు."

టెంటులో గొడవ మొదలైంది.

"మనం లోపలికెళ్ళి చేశామా, అంతా సవ్యంగానే ఉందంటారు," అంది ఒక ఆయా.

"చెయ్యకపోతే ముసలాయన కుళ్ళిపోతాడు," అంది ఇంకొకతె.

ఎవరి మాటా తప్పు కాదు. మిషనక్క చతికిలబడి ఏడ్చింది.

పెద్దాయా కొంగు బిగించింది. "తిప్పుదాం. మూలన కాదు, నలుగురూ చూసేచోట."

లోపలికెళ్ళి, గేటు బయటికి వస్తావా అని తాతనే అడిగారు.

"రోడ్డు చూసి ఎన్నాళ్ళయిందో," అన్నాడు తాత. "పోనివ్వండి బండి."

చక్రాల మంచం మెల్లగా గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. వార్డులో రోగుల కోసం కాచుక్కూర్చున్న వాళ్ళంతా వెనకే వచ్చారు. మిషనక్క పసుపు కోటు విప్పి, మడిచి, తాత తల కింద పెట్టింది. తలా ఒక దుప్పటి కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టారు.

అంతలో పోలీసు వ్యాను వచ్చింది. రోగిని ఎత్తుకొచ్చారని ఫిర్యాదు అందిందట. పెద్దాయానీ మిషనక్కనీ రెక్క పట్టి లాగారు.

"ఆగు బాబూ, సగమే తిప్పాం," అని మిషనక్క బతిమాలింది. "ఇప్పుడొదిలితే ఆయన తుంటి మళ్ళీ విరుగుతుంది."

పోలీసు వినలేదు. కొస చేతిలోంచి జారిపోయింది. ఇద్దర్నీ వ్యానులోకి ఎక్కించారు.

వ్యాను కిటికీ ఊచల్లోంచి చూసింది. తను వదిలిన కొసను చిన్నాయా పట్టుకుని ఉంది. పెద్దాయా కొస పక్క మంచం రోగి భార్య చేతిలో ఉంది. అందరూ కలిసి లాగారు. తాత పక్కకు ఒరిగాడు.

"పొద్దు గూకేలోపు మళ్ళీ తిప్పాలి," అని మిషనక్క అరిచింది. "మర్చిపోకండే."

"మేం ఇక్కడే ఉంటాం," అంది చిన్నాయా.

రోగుల తాలూకు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మంచం చుట్టూ, వ్యానుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు. వ్యాను కదలడానికి దారి లేదు.