మూడు వోల్టుల దిగువన

పొద్దున్నే మామగారు ఫ్రిజ్ మీద చెయ్యి వేసి, "తలుపు సరిగా పడలేదు, చల్లదనమంతా బయటికి పోతోంది" అన్నారు. అది ఆయన మాట కాదు, ఫ్రిజ్‌ది. ఏ యంత్రాన్ని ముట్టుకుంటే దాని మాట ఆయన నోట వచ్చేది. మిక్సీ మొరాయిస్తే పక్కింటివాళ్ళు ఆయన్నే పిలుచుకెళ్ళేవారు. కోడలు మోకాలితో తలుపు నెట్టేసింది.

ఆ రోజు ఆమె ధ్యాసంతా ఆఫీసు మీదే ఉంది. వాళ్ళ కంపెనీ ఆసుపత్రుల కోసం ఒక పంపు తయారుచేస్తోంది. రోగి నరంలోకి మందు చుక్కచుక్కగా ఎక్కించే పంపు. అందులో ఒక కాపలా చిప్ ఉంటుంది. లోపలి 3.3 వోల్టుల కరెంటు ఒక గీత కిందికి పడితే అది పంపును నడిపే ప్రాసెసర్‌ను టక్కున ఆపేసి, కరెంటు కుదుటపడ్డాకే లేపుతుంది. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే గొడవ. సాయంత్రానికి డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోవాలి.

కోడలు 3.08 అంటోంది, మేనేజరు 2.93 అంటున్నాడు.

"3.08 పెడితే మోటారు తిరిగినప్పుడల్లా కరెంటు కుంగి పంపు ఆగి లేస్తోంది, చూశావుగా?" అన్నాడాయన నిన్న.

"ప్రాసెసర్‌కు కనీసం మూడు వోల్టులు ఉండాలి కదండీ?"

"ఆ కాస్తకే కొంపలు మునగవమ్మా. ఎన్నిసార్లు పరీక్షించాం, ఏమైనా అయిందా?"

అందుకే ఆమె అడిగింది: "మామయ్యగారూ, ఇవాళ మా ఆఫీసుకు వస్తారా?"

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. "రండి బాబాయిగారూ. వెళ్ళేముందు మా కాఫీ మెషీన్‌ను కూడా ఒకసారి పలకరించండి, తెగ సతాయిస్తోంది."

మామగారు పంపులోని ప్రాసెసర్ మీద వేలు ఆనించారు. కోడలు పంపును గంటకు ఐదు మిల్లీలీటర్లకు, కాపలా గీతను 2.93కు పెట్టి వోల్టేజి తగ్గించడం మొదలుపెట్టింది.

"గంటకు ఐదు మిల్లీలీటర్లు," అంది పంపు ఆయన నోట.

3.2. "ఐదు." 3.1. "ఐదు." మూడు దగ్గరా ఐదే. చుట్టూ కుర్చీలు దగ్గరికి జరిగాయి. 2.96.

"గంటకు యాభై మిల్లీలీటర్లు."

తడబాటు లేదు. అదే గొంతు, అదే నిదానం.

"మళ్ళీ," అన్నాడు మేనేజరు. మళ్ళీ యాభై. ఇంకోసారి చేస్తే ఐదు. ఆ తర్వాత యాభై!

"తప్పు చెబుతున్నానని దానికి తెలుస్తోందా మామయ్యగారూ?"

"లేదమ్మాయ్. అంతా సవ్యంగానే ఉందనుకుంటోంది పాపం."

మేనేజరు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. "3.08 పెట్టు. మరి మోటారో?"

"దానికి వేరే దారిలో కరెంటు ఇస్తాను. అది ఎంత లాగినా ప్రాసెసర్ దగ్గర వోల్టేజి కుంగదు."

"సాయంత్రంలోపు అవుతుందా?"

"ఎందుకవదు!"

ఒకళ్ళు వైరు తెచ్చారు, ఒకళ్ళు సోల్డరింగ్ కడ్డీ వేడి చేశారు. ఫ్యాక్టరీవాళ్ళ ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మోటారు గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ప్రాసెసర్ ఒక్కసారీ ఆగిపోలేదు. గది ఈలలతో హోరెత్తిపోయింది.

రెండేళ్ళు గడిచి వానాకాలం వచ్చింది. ఒక ఆసుపత్రిలో గాలివానకు కరెంటు పోయింది, పంపులో పాత బ్యాటరీ నీరసించింది. వోల్టేజి గీత కిందికి పడగానే పంపు మందు ఆపేసి కూతపెట్టింది. నర్సు పరుగున వచ్చి దాన్ని జనరేటర్ ప్లగ్గుకు తగిలించింది. పంపు లేచి ఐదు దగ్గర మొదలైంది.

మంచం మీది బస్సు కండక్టరమ్మ సగం కళ్ళు తెరిచింది. "ఏమైంది సిస్టర్?"

"ఏం లేదు, పడుకోండి."

కోలుకున్నాక ఆవిడ మళ్ళీ డ్యూటీలో చేరింది. "లోపలికి జరగండయ్యా, లోపలంతా ఖాళీయే!" అని అరుస్తూ బస్సంతా నెట్టుకు తిరిగింది.