గుట్ట మీది నీళ్ల ట్యాంకు

హిలో అనే దీవి ఊళ్లో ఉండే హౌనాని డెబ్బై ఒక్కేళ్లు వచ్చినా ఒక్కసారి కూడా హెలికాప్టర్ ఎక్కలేదు. మేనల్లుడు కైపో పన్నెండేళ్లుగా యాత్రికులను హెలికాప్టర్లో అగ్నిపర్వతం మీదుగా తిప్పి తీసుకొస్తున్నాడు. అతడు పిలిచినప్పుడల్లా, "అగ్నిపర్వతంలో ఉండే పెలే తల్లి నెత్తి మీంచి ఎగరడమేంట్రా, తప్పు" అని తప్పించుకునేది. ఆ మంగళవారం మాత్రం కైపో వదల్లేదు.

"ఒక సీటు ఖాళీగా ఉందత్తా. నీకు చూపించాల్సింది ఒకటుంది. ఏంటని అడక్కు, వచ్చెయ్."

ఎక్కేముందు అందరి బరువూ తూస్తారు. దాన్ని బట్టే సీట్లు.

"పైకి చదివావో, ఊరుకోను!" అంది హౌనాని, తూకం యంత్రం మీద నిలబడి.

"చదవనులే. నువ్వు ముందు సీట్లో, నా పక్కన. ఇంతకంటే ఏం చెప్పను?"

ఒసాకా నుంచి వచ్చిన భార్యాభర్తలు నవ్వు ఆపుకుంటూ వెనక కూర్చున్నారు.

హెలికాప్టర్ పైకి లేచింది. హౌనాని కళ్లు గట్టిగా మూసుకుని పెలే తల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. కళ్లు తెరిచేసరికి పెద్ద బిలం కనిపించింది. అంచుల్లోంచి తెల్లటి ఆవిరి తీరిగ్గా లేస్తోంది. భయం పోయింది. తల్లి పడుకుని ఉంది, అంతే.

ఆ తర్వాత కైపో సముద్రం వైపు తిప్పాడు. కింద అంతా నల్లటి రాయి. లావా వచ్చిన ఏడాది హౌనాని ఇల్లు, బొప్పాయి తోట, ఇంటి దాకా వెళ్లే రోడ్డు, అన్నీ దాని కిందికే పోయాయి. మళ్లీ ఎవరూ అటు వెళ్లలేదు.

"ఇటెందుకురా?" అని అడిగింది హౌనాని.

"కొంచెం ముందుకి చూడు. పోయిన వారమే నా కంటబడింది."

నల్లటి రాతి మధ్య చిన్న పచ్చటి గుట్ట. లావా దాన్ని రెండు వైపుల నుంచీ చుట్టి వెళ్లిపోయింది. గుట్ట మీద ఒక రేకుల షెడ్డు, దాని పక్కనే గుండ్రటి ట్యాంకు. అందులో వాననీళ్లు తళతళ మెరుస్తున్నాయి.

"అయ్యో! మా ఆయన ట్యాంకు!"

ఆమె అరుపు హెడ్‌ఫోన్లలోంచి అందరి చెవుల్లోనూ మోగింది. ఒసాకా ఆవిడ ముందుకి వంగి, "అది మీ ఇల్లా అమ్మా?" అని అడిగింది.

"ఇల్లు కింద ఉంది, రాతి కింద. మోటారు లేకుండా నీళ్లు దిగాలని మా ఆయన ట్యాంకు తీసుకెళ్లి గుట్ట మీద పెట్టాడు. కడగాలంటే నేనే ఎక్కాలి! ఇరవై ఏళ్లు తిట్టిపోశానమ్మా ఆ మనిషిని."

చెబుతూనే పకపకా నవ్వింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. కైపో గుట్ట చుట్టూ ఇంకో రౌండు కొట్టాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త లోపాకా వరండాలో వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని చేతిలో పని ఆపేశాడు.

"నిండా ఉన్నాయా నీళ్లు?"

"అంచు దాకా."

"కారడం లేదుగా?"

"అంత పైనుంచి ఎలా తెలుస్తుందయ్యా!"

"కారదులే. కట్టింది నేను."

పొద్దుగూకేలోగా ఆ సంగతి కంచె అవతలి వాళ్లకి మూడుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ట్యాంకు ఇంకాస్త పెద్దదైంది. హౌనాని చేపలు కాలుస్తూ అన్నీ వింది, ఒక్కటీ దిద్దలేదు.