నవ్వించమన్నారు

ఈ అరబ్బు దేశంలోనే పుట్టిన మా బాబుకి ఎనిమిదో నెల వచ్చినా పాస్‌పోర్ట్ లేదు. చేయించాలంటే ఎంబసీలో తండ్రి పాస్‌పోర్ట్ చూపించాలి. అదేమో పనివాళ్లందరి వాటితోపాటు కంపెనీ ముదీర్ బీరువాలో ఉంది. మా ఆయన ఐజక్ ఎప్పుడడిగినా ఆ మేనేజరు "బుక్రా" అంటాడు, రేపు అని. దారిలో పోలీసు బండి కనబడితే చాలు, బాబు మీద చున్నీ కప్పేస్తాను.

ఆ శుక్రవారం ఐకాడ్ ఫ్యాక్టరీల పేటలో ఐజక్ వాళ్ల లేబర్ క్యాంపుకి పాటగాళ్లు వస్తున్నారన్నారు. ఇటలీ వాళ్ల పాత నాటకమట, మాటలన్నీ పాటలేనట, తెగ నవ్వొస్తుందట. కంపెనీ ఫొటోలు తీయించుకుంటుంది, అందుకని జనం నవ్వాలి. తెలుగోళ్లకి ముందే కథ చెప్పడానికి మనిషి కావాలన్నాడట ముదీర్. మా ఆవిడ చర్చిలో పిల్లలకి కథలు చెబుతుందని ఐజక్ అనేశాడు. హాలు నవ్వితే ఆదివారమే పాస్‌పోర్ట్ ఇస్తానన్నాడట ముదీర్. తొమ్మిదితో బడి మానేసినదాన్ని, నావల్ల కాదన్నాను. బాబుని చూసి ఒప్పుకున్నాను.

ఆఫీసు పిల్ల హిందీలో చెప్పిన కథని వంట చేస్తూ వల్లెవేసుకున్నాను. నౌకరు ప్రేమించిన పిల్లని ముసలి యజమాని చేసుకోవాలనుకుంటాడు. నౌకరు యజమాని కోటు తొడుక్కుని, గడ్డం అంటించుకుని, తనే ఆ పిల్లని పెళ్లాడతాడు. ముసలాడు వచ్చేసరికి ఇద్దరూ బండెక్కి పోతారు.

మెస్ హాల్లో చున్నీ కొంగు గడ్డానికి పెట్టుకుని మరీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ముదీర్ వాచీ చూసుకుంటున్నాడు. ఐజక్ చేతుల్లో బాబు ఏడుపు మొదలెట్టాడు.

ముందు బల్ల మీంచి అబ్బులు బాబాయ్ లేచాడు. రాజోలు వైపు మనిషి, ఇంటి మొహం చూసి ఏళ్లయింది.

"అమ్మాయ్, బండెక్కి పోయారు, సరే. ఆ నౌకరు పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"అతని జేబులోనే, బాబాయ్," అన్నాను.

వెనకెవరో ఫక్కుమన్నారు. అంతే, హాలంతా బల్లలు చరుస్తూ నవ్వు. జేబులోనేనంట్రా అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుని, కొందరు కళ్లు తుడుచుకున్నారు. కెమెరావాళ్లు పరుగెత్తుకొచ్చారు. తెలుగు రాని ముదీర్ కూడా నవ్వాడు. పాట మొదలయ్యాక నౌకరు వేషగాడు జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా మళ్లీ అదే నవ్వు. ఎందుకో తెలియక పాపం అతను ఇంకా గట్టిగా పాడాడు.

అయ్యాక ముదీర్ వచ్చి ఐజక్ భుజం తట్టాడు. మీ ఆవిడ ఏం చెప్పి నవ్వించిందని అడిగాడు. ఐజక్ నా మొహం చూశాడు. మేం ఏదో ఒకటి అనేలోపు సూపర్‌వైజర్ అంజిబాబు, మనవాడే, ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేశాడు.

ముదీర్ చెయ్యి ఐజక్ భుజం మీంచి తీసేశాడు.

ఆదివారం ఐజక్ ఉత్త చేతుల్తో వచ్చాడు. ఈసారి ముదీర్ బుక్రా అని కూడా అనలేదట.