పైసా ఖర్చు లేని క్రిస్మస్

“ఈసారి క్రిస్మస్ పైసా ఖర్చు లేకుండా కానిచ్చేద్దాం,” అన్నాడు భర్త, సోఫాలో కాళ్లు చాపుకుని. ఆమె అప్పుడు అడుగంటిన గిన్నె తోముతోంది.

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఈ ఏడు ఓవర్‌టైం ఆగిపోయింది కాబట్టి పండగ కాస్త చెయ్యి బిగబట్టి చేసుకోవాలన్న మాటలో తప్పేం లేదు. ఆమెకూ అభ్యంతరం లేదు. పిల్లలతో తక్కువ ఖర్చులో పండగ ఎలా చేసుకోవాలో ఎవరో రాసింది అతనికి ఫోన్‌లో దొరికింది. గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. పాత కాగితాలతో నక్షత్రాలు. అట్టపెట్టెతో యేసు పుట్టిన పశువులపాక. ఇంట్లోనే కేకు, బిస్కెట్లు. చేత్తో చేసిన గ్రీటింగు కార్డులు. ఒక్కొక్కటీ చదవడం, “బాగుంది కదూ? పైసా ఖర్చు లేదు,” అనడం.

బాగానే ఉంది. కాకపోతే ఆమె చెవిలో అవన్నీ వేరేగా వినిపిస్తున్నాయి. కాగితం నక్షత్రాలంటే మైదా ఉడికించి జిగురు చెయ్యడం, ఆరిపోయిన జిగురును మర్నాడు నేలమీంచి కత్తితో గీకడం. ఇంట్లో కేకు అంటే దుకాణంలో రోజంతా నిలబడి వచ్చిన కాళ్లతో మళ్లీ పొయ్యి దగ్గర నిలబడడం. రాసినవాళ్లు ఎవరో గానీ, ఖర్చు లేదన్నారే తప్ప ఆ పనులు ఎవరు చేస్తారో రాయలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె సాయంత్రాలన్నీ ఈయన సోఫాలో కూర్చుని పంచిపెట్టేస్తున్నాడు.

“పాటల బృందంతో కలిసి ఇల్లిల్లూ తిరగడం,” అని చదివాడు చివర్లో.

ఆమె చేతిలో పీచు ఆగింది. పెళ్లికి ముందు ఆమె ఈ ఊరి చర్చి బృందంలో, అసలు రాగానికి జతగా రెండో గొంతు పాడేది. హార్మోనియం అక్క, అంటే బృందాన్ని నడిపించే పెద్దావిడ, ఇప్పటికీ ఏటా వచ్చి, “ఒక గొంతు తక్కువైందే, రావే,” అని పిలుస్తుంది. వీధి మొదట్లో ఉన్నది వీళ్లిల్లే కాబట్టి పాటలు ఇక్కడే మొదలవుతాయి. గుమ్మంలో రెండు పాటలు పాడి, కాఫీలు తాగి, వాళ్లు ముందుకు వెళ్తారు. ఆమె గ్లాసులు కడుగుతూ, దూరమైపోతున్న పాటలో తన గొంతు ఉండాల్సిన చోటును వింటుంది.

“ఈసారి నేనూ వెళ్తానండీ,” అంది.

“వెళ్దువుగాని, ఎవరొద్దన్నారు?” అన్నాడు. తర్వాత గుర్తొచ్చినట్టు, “మరి వాళ్లకి కాఫీలెవరిస్తారు?” అన్నాడు. అంత తీయగా వద్దనడం కూడా ఒక విద్యే.

ఆ వారమంతా ఆమె కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఆమె పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. అక్కడి యజమాని కూడా, “ఆడవాళ్ల చేతిలో కళ ఉంటుందమ్మా, మన అద్దాల బీరువా కొంచెం అలంకరించు,” అన్నాడు. పక్క కౌంటర్ ఆయన భోజనానికి వెళ్తే ఆమె స్టూలెక్కి తోరణాలు కట్టింది. ఇంటికొచ్చి పిల్లలిద్దరితో పశువులపాక కట్టింది. పాక వెనకాల ఆకాశం కావాలన్నాడు బుడ్డోడు. అత్తగారు బీరువా తీసి ఆమె నీలం శాలువా లాగింది.

“అత్తయ్యా, అది...”

“పాతదేగా అమ్మాయ్! కట్టుకున్నావా, కప్పుకున్నావా? మూలనే పడుందిగా.”

మొదటి జీతంతో, చలిలో పాటలకు తిరగడానికని కొనుక్కున్న శాలువా అది. మూలన పడుండడం శాలువా తప్పు కాదు. బుడ్డోడు అప్పటికే దాన్ని గోడకు పిన్నులతో గుచ్చి వెండి కాగితం చుక్కలు అంటిస్తున్నాడు. బాగుంది కూడా.

ఇక ఫోన్‌లో చదివిన వాటిలో చీటీల ఆట మిగిలింది. ఇంట్లోవాళ్ల పేర్లు గిన్నెలో వేసి ఒక్కొక్కరూ ఒక చీటీ తియ్యాలి. ఎవరి పేరొస్తే పండగలోపు వాళ్లకు చెప్పకుండా ఏదో ఒక మంచి చెయ్యాలి. డబ్బుతో కొనకూడదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఆమె గట్టుమీదే కాగితం చింపి గబగబా రాసి మడిచింది. గిన్నె అందరి దగ్గరికీ తిరిగింది. అత్తగారు తీసింది, భర్త తీశాడు, కూతురు పెద్దది తీసింది, బుడ్డోడు తీశాడు. చెయ్యి తుడుచుకుని ఆమె వచ్చేసరికి గిన్నె ఖాళీ.

“అయ్యో, నాకు లేదే!” అంది.

“నీకెందుకమ్మాయ్ చీటీ?” అంది అత్తగారు. “నువ్వు ఎలాగూ అందరికీ చేస్తూనే ఉంటావుగా!”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మళ్లీ పప్పు దగ్గరికి వెళ్లి, గరిటె తిప్పుతుండగా తట్టింది. చీటీ తనకు రాలేదంటే ఒకటి తక్కువ రాసింది. ఎవరిది తక్కువ? నాన్న, నానమ్మ, అక్క, బుడ్డోడు. ఆమె రాసినవి అవే. ఎవరూ ఆమెను తీసెయ్యలేదు. తన చేత్తో తనే రాసుకోలేదు. ఎందుకలా జరిగిందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. రోజూ కంచాలు ఎలా లెక్కపెడుతుందో చీటీలూ అలాగే లెక్కపెట్టింది. వడ్డించాల్సిన కంచాలు నాలుగు. తను తర్వాత తింటుంది కాబట్టి తన కంచం లెక్కలోకి రాదు. ఇన్నేళ్లుగా రోజూ చేసిన లెక్క చేతికి అలవాటైపోయింది. భర్త మర్చిపోయాడని ఏడవొచ్చు, అత్తగారు మర్చిపోయిందని అలగొచ్చు. తనే మర్చిపోతే ఎవరిమీద అలగాలి? ఆమెకు ఏడుపు రాలేదు. భయం వేసింది. గొంతు పోయినట్టే పేరూ పోతుందేమోనని నిజంగా భయం వేసింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడుగుతారేమోనని చూసింది.

అందరూ అడిగారు, వేరే సంగతులు. భర్త వంటింట్లోకొచ్చి గుసగుసగా, “నాకు మా అమ్మ వచ్చింది. నువ్వే ఏదైనా చేసెయ్, నేను చేశానని చెప్తా,” అన్నాడు. మనవడికి ఊలు టోపీ అల్లాలని కూర్చున్న అత్తగారు, “కళ్లు లాగేస్తున్నాయి అమ్మాయ్, మిగతాది నువ్వు లాగించు,” అంది. అక్కకు పాత జీన్సుతో సంచి కుట్టాలని బుడ్డోడికి ఆశ, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పెద్దదొక్కతే నాన్న బూట్లకు తన చేత్తో తనే పాలిష్ పెట్టింది. సగం పాలిష్ నేలకు పట్టింది, అది వదిలించడం మాత్రం అమ్మ వంతు. ఇంట్లో ఎన్ని రహస్యాలున్నాయో అన్నీ ఆమె చేతుల మీదుగానే నడిచాయి. సొమ్మొకడిది సోకొకడిది.

పండగ ముందు రోజు సాయంత్రం దీపాలు పెట్టారు. భర్త పశువులపాకకు ఫోటో తీసి, ‘మా ఖర్చు లేని క్రిస్మస్’ అని అందరికీ పంపాడు. మెచ్చుకోళ్లు వస్తుంటే పైకి చదివి మురిసిపోయాడు. తర్వాత చీటీలు విప్పారు. అత్తగారు కొడుకు చేసిన గ్రీటింగు కార్డును, అంటే కోడలు చేసిన కార్డును, కళ్లకద్దుకుంది. బుడ్డోడు టోపీ పెట్టుకుని గెంతాడు. పెద్దది సంచి భుజానికి తగిలించుకుని అందరినీ ఒకసారి చూసింది.

“అమ్మ ఎవరికొచ్చింది?”

అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

“నాకు అక్క వచ్చింది, నేను కాదు!” అన్నాడు బుడ్డోడు.

“రాసింది నువ్వే కదా!” అన్నాడు భర్త, భుజాలు తడుముకుంటూ. “నీ పేరు నువ్వు రాసుకోకపోతే మాకెలా తెలుస్తుంది?”

ఆ మాటలో అన్యాయం ఉంది. నిజమూ ఉంది. ఆమె నిజాన్ని తీసుకుంది.

“అవునండీ, నేనే మర్చిపోయాను,” అంది. “ఇప్పుడు గుర్తొచ్చింది.”

అప్పుడే గుమ్మంలో హార్మోనియం మోగింది. తలుపు తీస్తే శాలువాల్లో, స్వెట్టర్లలో పదిమంది దాకా ఉన్నారు, ముందు హార్మోనియం అక్క. అందరూ పాట అందుకున్నారు. అలవాటు చొప్పున ఆమె కాళ్లు వంటింటి వైపు తిరిగాయి. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కొచ్చింది. గోడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క పిన్నే తీసింది.

“అమ్మా! ఆకాశం ఊడిపోతోంది!” అని అరిచాడు బుడ్డోడు.

“బయట చలిగా ఉంది నాన్నా. ఇది నాది,” అని శాలువా కప్పుకుంది. వెండి చుక్కలు భుజాల మీద అలాగే ఉన్నాయి.

చెప్పులు వేసుకుంటుంటే భర్త అర్థంకాక చూశాడు. “ఎక్కడికి? మరి కాఫీలు?”

“పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొడి పై అరలో ఉంది. మీరు పెట్టండి,” అంది, ఏమాత్రం కోపం లేకుండా. “పైసా ఖర్చు లేని పనే.”

పాట పాడుతున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. హార్మోనియం అక్క మాత్రం పాట ముగించి, “తొందరేం లేదు బాబూ. తిరిగొచ్చేటప్పుడు తాగుతాం, చిక్కగా పెట్టు,” అంది. అత్తగారు ముక్కున వేలేసుకుంది.

మొదటి ఇంటి దగ్గర ఆమె గొంతు పలకలేదు. రెండో ఇంటి దగ్గర శ్రుతి తప్పింది, అక్క వెనక్కి తిరగకుండానే ఒక మెట్టు గట్టిగా నొక్కి దారి చూపించింది. ఆ తర్వాత ఏ ఇంటి దగ్గరో తెలీదు, రెండో గొంతు తన చోటికి తను వచ్చి నిలబడింది. పక్కన పాడుతున్నవాళ్ల ఊపిరి తన ఊపిరితో కలిసింది. ఆమెకు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని ఎవరికీ వడ్డించాల్సిన పని లేదు.

తిరిగొచ్చేసరికి కాఫీ పొంగి పొయ్యంతా కారింది, అయినా అందరికీ సరిపోయింది. బృందం తాగి, భర్తను మెచ్చుకుని మరీ వెళ్లింది. ఆమె ఎన్నడూ వినని మెచ్చుకోలు అది. భోజనానికి భర్తే కంచాలు వేశాడు. ఏదో దిద్దుకుందామనే చూస్తున్నాడు పాపం. ఆమె లెక్కపెట్టింది. నాలుగు.

వంటింట్లోకి వెళ్లి తన కంచం తెచ్చుకుని, పెద్దదాని పక్కన పెట్టుకుని కూర్చుంది. అన్నం గిన్నె మధ్యలో ఉంది, గరిటె అందులోనే ఉంది. ఆమె లేస్తుందని అందరూ చూస్తున్నారు.

“ఊఁ,” అంది ఆమె, శాలువా సర్దుకుంటూ. “ఇవాళ ఎవరు వడ్డిస్తున్నారు?”