ఒక్క గీత

గంజి వాసన.

తడిబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె... చుయ్యిమంటూ లేచే ఆవిరి. చలికాలపు పొద్దున తూర్పు లాస్ ఏంజెలెస్ కొండల మీది మంచులా, తెల్లగా, తొందర లేకుండా.

ఇన్నేళ్ళూ ఆ ఆవిరి వెనక నా తమ్ముడు ఎఫ్రేన్ ఉండేవాడు.

ఇవాళ నాన్న ఉన్నాడు.

ఎఫ్రేన్ తన ఖాకీ ప్యాంటు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అమ్మని కూడా. మా పేటలో మగవాడు తన ఇస్త్రీ గీత తనే తీసుకోవాలి. నడుం నుంచి బూటు దాకా — ఒక్క గీత. కత్తి అంచులా. పక్కన రెండోది పడిందా, రైలు పట్టాలు వేసుకొచ్చాడని వీధంతా నవ్వేది.

నాన్న నవ్వేది ఇంకొకందుకు. ఇనుము పోతపోసి వచ్చిన చేతులతో మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ, "ఏరా పెళ్ళికూతురా, ఇంకా కాలేదా ముస్తాబు?" అనేవాడు.

తమ్ముడు తల ఎత్తేవాడు కాదు. మనం చికానోలం నాన్నా, ఈ అమెరికా గడ్డ మీది మెక్సికోవాళ్ళం, ఎవరూ అడక్కముందే నా బట్టలు ఆ మాట చెప్పాలి, అనేవాడు. మంచులోంచి వచ్చినట్టు వచ్చేది ఆ గొంతు.

మంగళవారం, పనిలో ఉండగా, కడుతున్న మేడ మీంచి పడి చనిపోయాడు.

వాడికి తొడిగించడానికి అమ్మ నల్ల సూటు కొనుక్కొచ్చింది.

"ఆ ఖాకీ, ఆ గళ్ళ చొక్కా చూసేగా పోలీసులు వాణ్ణి గోడకి నిలబెట్టేవాళ్ళు. శవపెట్టెలోనన్నా వాణ్ణి ఎవరూ అలా చూడకూడదు," అంది.

 

 నాన్న లేచి, ఎఫ్రేన్ ఖాకీ ప్యాంటు తెచ్చి, ఇస్త్రీ బల్ల వేశాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన ఇస్త్రీపెట్టె పట్టలేదు.

రెండు గీతలు పడ్డాయి.

నీళ్ళు చల్లాడు. గంజి పట్టించాడు. మళ్ళీ —

రెండే.

బట్టల కోసం వచ్చిన శ్మశానవాటిక మనిషి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.  "పెద్దాయనా, పెట్టె సగమే తెరుస్తామండీ. కాళ్ళు ఎవరికీ కనపడవు," అన్నాడు మెల్లగా.

నాన్న తల ఎత్తలేదు.

"నా కొడుకు రెండు గీతలతో గడప దాటడు."

అమ్మ చేతి మీద సూటు అలాగే ఉంది. ఆమె ముందుకు రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

"ప్యాంటు కొస పట్టుకోమ్మా," అన్నాడు నాన్న నాతో. పట్టుకున్నాను. బిగించి లాగాను.

ఇస్త్రీపెట్టె దిగింది.

మంచు లేచింది, మా ముగ్గురి ముఖాల దాకా... తెల్లగా. దాని కింద ఎన్ని గీతలున్నాయో ఇంకా కనబడటం లేదు.